క్యాంపు దీపం – లాంతరు నుండి లిథియం పెట్టె దాకా



ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర వ్యాసం వ్రాయమని మన కార్యదర్శి గారు అడిగారు. రాజుల చరిత్ర, దేవాలయాల చరిత్ర వ్రాయగల పెద్దలు మన సంఘంలో చాలామంది ఉన్నారు. నేను 1974లో చేరి 2008లో దిగిపోయేదాకా ముప్పై నాలుగేళ్ళు గుమాస్తాగిరీ చేసినవాణ్ణి. నాకు తెలిసిన చరిత్రలో కొంత ఫైళ్ళలో ఉంది, కొంత ఏ ఫైలుకూ ఎక్కలేదు. ఆ ఎక్కని దాంట్లో నుంచి ఒక వస్తువు గురించి ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

మొన్న సంక్రాంతికి మా మనవడు హైదరాబాదు నుండి తన కారులో వచ్చాడు. పండుగ కాగానే స్నేహితులతో మారేడుమిల్లి వైపు వెళ్ళి, అడవిలో గుడారం వేసుకుని రెండు రోజులు ఉంటారట. కారు డిక్కీలో సూట్‌కేసంత పెట్టె ఒకటి ఉంది. తానే తయారుచేసుకున్నానని చెప్పాడు. దాంతో దీపాలు వెలుగుతాయి, ఫోన్లు చార్జి అవుతాయి, చిన్న ఫ్రిజ్ కూడా నడుస్తుందట. నేను పెట్టె చుట్టూ ఒకసారి తిరిగి చూసి, "బాబూ, ఇది కారు బ్యాటరీతో కలిసి ఉంటుందా, వేరుగా ఉంటుందా?" అని అడిగాను.

వాడు ఆశ్చర్యపోయాడు. "తాతయ్యా, అందరూ ఎంత ఖర్చయింది అని అడిగారు. ఈ ప్రశ్న ఒక్కరూ అడగలేదు. నీకెలా తెలుసు?" అన్నాడు.

నాకెలా తెలుసో చెప్పడానికే ఈ వ్యాసం.

లాంతరు రోజులు

దమ్మపేట సంగతి తెలియని పిల్లల కోసం రెండు మాటలు. ఖమ్మం జిల్లా 1953లో వరంగల్లు నుండి విడిపడి ఏర్పడింది. మండలాలు 1985లో వచ్చాయి. 2016 అక్టోబరులో జిల్లాల పునర్విభజన జరిగి దమ్మపేట మండలం భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో చేరింది. ఇప్పుడు అటు వెళితే దారికి రెండు వైపులా పామాయిల్ తోటలు, అప్పారావుపేటలో పామాయిల్ ఫ్యాక్టరీ కనిపిస్తాయి. నేను మొదటిసారి వెళ్ళినప్పుడు కనిపించింది అడవి, వాగులు, మధ్య మధ్య కోయ గూడేలు. గుట్టల మీద పూసుకుంట వంటి కొండరెడ్ల ఊళ్ళు. ఇది ఏజెన్సీ ప్రాంతం.

మన ఉద్యోగ భాషలో "క్యాంపు" అంటే ఏమిటో మీకు వేరే చెప్పనక్కరలేదు. టి.ఏ. బిల్లులో ఒక్క మాటే గాని, దాని వెనుక ట్రంకు పెట్టె, దుప్పటి, మరచెంబు, రికార్డు మూట, ఒక లాంతరు ఉండేవి. పగలు గూడెంలో మగవాళ్ళు గాని ఆడవాళ్ళు గాని దొరికేవారు కాదు. పోడుకో, కూలికో, అడవిలోకో వెళ్ళిపోయేవారు. వాంగ్మూలం వ్రాయాలన్నా, కార్డులు సరిచూడాలన్నా దీపాలు పెట్టిన తర్వాతే కుదిరేది. గిరిజన భూముల బదలాయింపు నిబంధనలు 1959లో వచ్చి, 1963లో తెలంగాణకు వర్తించి, 1970లో మరింత గట్టిపడ్డాయి గదా. ఆ విచారణల కాగితాలు ఎన్నో రాత్రి పూటే తయారయ్యాయి. ఒక మనిషి భూమి ఎవరిదో తేల్చే కాగితం కిరసనాయిలు వెలుతురులో వ్రాయవలసి వచ్చేది. అంకె తప్పు పడితే అది ఒక కుటుంబం బ్రతుకు. కనుక దీపం మాకు సౌఖ్యం కాదు, పనిముట్టు.

కొంచెం పెద్ద ఆఫీసరు వస్తే పెట్రోమాక్సు వచ్చేది. ఆస్ట్రియా దేశస్థుడు ఆవర్ ఫాన్ వెల్స్‌బాఖ్ 1885లో దీపపు మాంటిల్ కనిపెట్టాడు. జర్మనీలో గ్రేట్జ్ కంపెనీ వారు 1910 ప్రాంతంలో గాలి కొట్టే కిరసనాయిలు దీపం తయారుచేశారు. ఆ కంపెనీ పెట్టిన పేరే మన పెళ్ళి ఊరేగింపుల దాకా వచ్చి స్థిరపడింది. వెలుతురు బాగానే ఉండేది. కాని మాంటిల్ ముట్టుకుంటే రాలిపోయేది, జీపు కుదుపులకు అసలు నిలిచేది కాదు. వాన చినుకు తగిలితే గాజు పగిలేది. పురుగులు వచ్చి కాగితాల మీద పడేవి. పైగా దాని బుసబుస చప్పుడులో ముసలివాళ్ళు చెప్పే మాట వినపడేది కాదు.

1952 అక్టోబరు 2న సామూహిక అభివృద్ధి పథకం ఆరంభమైంది. ఆ తర్వాత బ్లాకులు, బ్లాకులతో పాటు జీపులు పల్లెలకు వచ్చాయి. ఆ జీపుతో పాటు అడవిలోకి విద్యుత్తు కూడా వచ్చిందన్న సంగతి మనలో చాలామంది గమనించి ఉండరు. తీగల మీద కాదు, బానెట్టు కింద బ్యాటరీ రూపంలో.

ఇందులో ఒక వింత కూడా ఉంది. పాల్వంచలో కొత్తగూడెం థర్మల్ విద్యుత్ కేంద్రం 1966లో మొదలైంది. దానికి నీళ్ళివ్వడానికి కిన్నెరసాని మీద ఆనకట్ట కట్టారు. రాత్రిళ్ళు దూరాన ఆ వెలుగు ఆకాశంలో ఎర్రగా కనిపిస్తుంటే, ఇటు గూడెంలో మేము లాంతరు వత్తి ఎగదోసుకుని వ్రాసుకునేవాళ్ళం. ఆ పాత కేంద్రం కూలింగ్ టవర్లను 2024 ఆగస్టులో కూల్చివేశారు. టి.వి.లో ఆ దృశ్యం చూస్తున్నప్పుడు నాకు ఆ రాత్రులే గుర్తుకు వచ్చాయి.

1982 వానాకాలం

ఆ సంవత్సరం ఒక విచారణ పని మీద దమ్మపేట అడవి గూడెం ఒకదానికి వెళ్ళాం. ఆఫీసు పేరు, గూడెం పేరు ఇప్పుడు ఎందుకులెండి. నేను, మా ఆఫీసరు, అటెండరు, డ్రైవరు. డ్రైవరును మేమంతా "భాయీ" అనేవాళ్ళం. నాకంటే పదిహేనేళ్ళు పెద్ద. నన్ను మాత్రం "గుమాస్తా గారూ" అనేవాడు.

ఆ రాత్రి గాలివాన. పెట్రోమాక్సు మాంటిల్ రాలిపోయింది, రెండోది లేదు. బడి వరండాలో యాభై మంది కూర్చుని ఉన్నారు. మళ్ళీ రమ్మంటే వాళ్ళకు ఇంకొక రోజు కూలి పోతుంది. అప్పుడు జీపును వరండాకు ఎదురుగా పెట్టి హెడ్‌లైట్లు వేయించాం. పట్టపగలులా ఉంది. నేనే మెచ్చుకున్నాను కూడా. సుమారు నాలుగు గంటలు వ్రాసి పని పూర్తిచేసి పడుకున్నాం.

తెల్లవారుజామున తలుపు కొట్టారు. ఒక పెద్దాయనకు జ్వరం ముదిరి ఒళ్ళు తెలియడం లేదు. ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి. ముందు రాత్రి నా ఎదుట వేలిముద్ర వేసినవాడే ఆయన. భాయి పరుగున వెళ్ళి తాళం తిప్పాడు. స్టార్టరు ఒకసారి మూలిగి ఆగిపోయింది. రెండోసారి అదీ లేదు.

పాత పెట్రోలు జీపుకైతే ముందు నుంచి హ్యాండిలు పెట్టి తిప్పే వీలుండేది. మాది డీజిలు బండి. ఊరంతా వచ్చి తోశారు. బురదలో చక్రాలు ఇరుక్కుపోయాయి గాని బండి కదలలేదు. చివరకు ఆయనను డోలీ కట్టి మోసుకుపోయారు. దారిలోనే ప్రాణం పోయింది.

బండి స్టార్టయితే బ్రతికేవాడా అంటే నేను చెప్పలేను. ఊరివాళ్ళు ఎవరూ మమ్మల్ని ఒక్క మాట అనలేదు. ఆయన కొడుకు మాకు దండం పెట్టి మరీ వెళ్ళాడు. నలభై ఏళ్ళు దాటినా ఆ దండం నా కళ్ళ ముందు నుంచి పోలేదు. ఆఫీసుకు వచ్చి లాగ్ బుక్కులో "బ్యాటరీ డౌన్, బండి ఆలస్యం" అని వ్రాశాం. అంతే వ్రాయగలిగాం.

తిరిగి వచ్చేటప్పుడు భాయి చాలాసేపు మాట్లాడలేదు. చివరకు అన్నాడు, "గుమాస్తా గారూ, తప్పు మీది కాదు, నాదీ కాదు. ఒక్క బ్యాటరీతో రెండు పనులు చేయించాం. అది చెయ్యదు."

బ్యాటరీ సంగతి

ఇక్కడ కొంచెం శాస్త్రం చెప్పాలి. ఇటలీ శాస్త్రవేత్త వోల్టా 1800లో మొదటి బ్యాటరీ తయారుచేశాడు. కాని అది ఖాళీ అయితే మళ్ళీ నింపే వీలు లేదు. ఫ్రాన్సులో ప్లాంటే 1859లో సీసం పలకలను పలుచని గంధకామ్లంలో ఉంచి, మళ్ళీ మళ్ళీ చార్జి చేయగల బ్యాటరీ కనిపెట్టాడు. అందులో ఒక్కొక్క గది సుమారు 2 వోల్టులు ఇస్తుంది. ఆరు గదులు కలిస్తే 12 వోల్టుల మోటారు బ్యాటరీ.

మోటారు బ్యాటరీ పని ఇంజన్ను లేపడం. రెండు మూడు క్షణాలు చాలా పెద్ద కరెంటు ఇచ్చి పక్కకు తప్పుకుంటుంది. ఆ తర్వాత డైనమో దాన్ని నింపుతుంది. గంటల తరబడి కొంచెం కొంచెం ఇవ్వడం దాని స్వభావం కాదు. రెండు హెడ్‌లైట్లు కలిసి ఏడెనిమిది ఆంపియర్లు తింటాయి. నాలుగు గంటలకు ముప్పై ఆంపియర్ అవర్లు. మా జీపు బ్యాటరీ అప్పటికే పాతది. తెల్లవారేసరికి దానిలో ఏం మిగులుతుంది? ఈ లెక్క ముందు రోజు రాత్రి వేసి ఉంటే ఎంత బాగుండేది!

పెట్టె ఎలా తయారైంది

నెల తిరగకముందే భాయి ఒక పని మొదలుపెట్టాడు. ఇంకొక బండి నుండి తీసి పక్కన పడేసిన బ్యాటరీ ఒకటి ఉంది. స్టార్టరు తిప్పే శక్తి దానికి పోయింది. "స్టార్టరుకు పనికిరానిది దీపానికి పనికొస్తుంది" అన్నాడు. రిటైరైన మన అందరికీ ఈ మాట వర్తిస్తుందని నాకు తర్వాత తెలిసింది.

టేకు చెక్కతో పెట్టె చేయించాడు. ఆసిడ్ చిందినా చెక్క తినకుండా లోపల తారు పూశాడు. చార్జి అయ్యేటప్పుడు బ్యాటరీలో నుంచి హైడ్రోజన్ వాయువు వస్తుంది, నిప్పురవ్వ తగిలితే పేలుతుంది. అందుకని మూతకు రంధ్రాలు పెట్టాడు. ఆ పెట్టె దగ్గర బీడీ కాల్చనిచ్చేవాడు కాదు. రెండు పక్కలా మోయడానికి తాళ్ళు. లావుపాటి తీగ, బ్యాటరీకి జానెడు దూరంలోనే ఫ్యూజు. ఇద్దరం కలిసి ఎత్తితే గాని లేచేది కాదు.

అసలు కీలకం ఒక స్విచ్చులో ఉంది. ఇంటి మెయిన్ స్విచ్చు వంటి పిడి ఉన్నదొకటి తెచ్చి, జీపు బ్యాటరీకి, పెట్టె బ్యాటరీకి మధ్య బిగించాడు. బండి నడుస్తున్నప్పుడు పిడి వేస్తే డైనమో రెంటినీ నింపుతుంది. బండి ఆగగానే పిడి లాగేయాలి. ఇక రాత్రి దీపం ఎంతసేపు వెలిగినా జీపు బ్యాటరీ నుంచి చుక్క కూడా పోదు. ఆ పిడి లాగే పని నాకు అప్పగించాడు. "నేను నిద్ర మత్తులో మరిచిపోవచ్చు. మీరు గుమాస్తా, మరిచిపోరు" అన్నాడు.

దీపానికి సత్తుపల్లిలో రేడియోలు బాగుచేసే కుర్రవాడు సాయం చేశాడు. 2ఎన్3055 అనే ట్రాన్సిస్టరు, చిన్న ట్రాన్స్‌ఫార్మరు కలిపి 12 వోల్టులతో 20 వాట్ల ట్యూబు వెలిగే సర్క్యూటు కట్టి ఇచ్చాడు. అది సుమారు 2 ఆంపియర్లు తీసుకునేది. బ్యాటరీ కొత్తగా ఉన్నప్పుడు 75 ఆంపియర్ అవర్లది. భాయి దాన్ని 40గా లెక్కకట్టాడు. అందులోనూ సగానికి మించి ఖాళీ చేస్తే సీసం పలకలు చెడిపోతాయని 20 మాత్రమే వాడాలన్నాడు. అంటే పది గంటల వెలుతురు. రాత్రికి అయిదు గంటల చొప్పున రెండు రాత్రులు ఇంజను ముట్టకుండా పని జరుగుతుంది.

ప్రతి క్యాంపుకు ముందు హైడ్రోమీటరు పెట్టి చూసేవాడు. 1250 దగ్గర ఉంటే నిండుగా ఉన్నట్టు, 1150కి దిగితే దాదాపు ఖాళీ అయినట్టు. డిస్టిల్డ్ వాటరు దొరకనప్పుడు శుభ్రమైన పాత్రలో పట్టిన వాన నీళ్ళు పోసేవాడు. ఆ అంకెలు వ్రాయడానికి నా పాకెట్ డైరీలో ఒక పేజీ కేటాయించాను.

ఇక మన అందరికీ తెలిసిన ఇబ్బంది ఒకటి వచ్చింది. పెట్టె ఏ రిజిస్టరులోనూ లేదు. కొన్న వస్తువు కాదు కనుక స్టాకు రిజిస్టరుకు ఎక్కదు. బ్యాటరీ తీసిపారేసినది కనుక దానికి మరమ్మతు ఖర్చు వ్రాయడానికి వీల్లేదు. తారు, తీగ, ఫ్యూజు ఖర్చు మేము తలా కొంచెం వేసుకున్నాం. ఒకసారి తనిఖీకి వచ్చిన పెద్దమనిషి "ఇదేమిటి?" అని అడిగితే భాయి "నా బట్టల పెట్టె సార్" అన్నాడు. ఆయన నవ్వి ఊరుకున్నాడు. ఆ రాత్రి ఆ బట్టల పెట్టె వెలుతురులోనే తనిఖీ రిపోర్టు వ్రాసుకున్నాడు.

1986 ఆగస్టు

మన ప్రాంతం వాళ్ళకు ఆ గోదావరి గురించి చెప్పాలా? భద్రాచలం దగ్గర 53 అడుగులు దాటితే మూడో ప్రమాద హెచ్చరిక. 1986 ఆగస్టు 16న నీళ్ళు 75.6 అడుగులకు చేరాయి. ఇప్పటికీ రికార్డు అదే. 1990లో 70.8, 2022 జూలైలో 71.3 అడుగులు వచ్చాయి గాని దాన్ని దాటలేదు.

మమ్మల్ని కుక్కునూరు వైపు డ్యూటీకి వేశారు. కుక్కునూరు, వేలేరుపాడు అప్పుడు ఖమ్మం జిల్లాలోనివే. మెరక మీద ఉన్న ఒక బడిలో శిబిరం. కరెంటు లేదు. కిరసనాయిలు డ్రమ్ము రావలసిన దారి మునిగింది. అశ్వారావుపేట వైపు దారి మాత్రం మిగిలి ఉంది. చీకటి పడే వేళకు పడవల మీద, నడుములోతు నీళ్ళలో నడిచి జనం రావడం మొదలైంది.

అక్కడ నా పని జాబితా వ్రాయడం. ఇంటి యజమాని పేరు, ఊరు, మనుషులెందరు, పశువులెన్ని. ఇది చిన్న పనిగా కనిపిస్తుంది. కాని ఆ రాత్రి జాబితాలో లేని కుటుంబానికి మర్నాడు బియ్యం ఇవ్వాలంటే గొడవ, నెల తర్వాత సాయం ఇవ్వాలంటే పెద్ద గొడవ. అన్నిటికన్నా ముఖ్యం, ఎవరు వచ్చారో తెలిస్తేనే ఎవరు రాలేదో తెలిసేది.

పెట్టె దించి ట్యూబు వెలిగించాం. చిమ్మచీకటిలో ఆ వెలుతురు చూసుకుని మెరకకు చేరామని తర్వాత కొందరు చెప్పారు. సాయంత్రం ఏడు నుండి రాత్రి మూడు దాకా, ఎనిమిది గంటలు, వ్రాస్తూనే ఉన్నాను. పదహారు ఆంపియర్ అవర్లు. లెక్క నా మనసులో నడుస్తూనే ఉంది. ఒకామె తన వాళ్ళందరి పేర్లూ చెప్పి, చివరి పేరు దగ్గర ఆగిపోయింది. ఆ పిల్లవాడు వేరే పడవలో వచ్చి అప్పటికే రెండు పేజీల ముందు నమోదై ఉన్నాడు. పేజీ తిప్పి చూపించాను. ఆమెకు చదువు రాదు. అయినా ఆ పేరు మీద వేలు పెట్టుకుని కూర్చుంది.

వరద నీళ్ళకు పాములు కూడా మెరకకే చేరతాయి. తెల్లవారుజామున ఒక యువకుణ్ణి పాము కాటేసింది. కేకలు విని నేను లేచేసరికి భాయి జీపు ఎక్కి కూర్చున్నాడు. నా చేయి పిడి మీదకు వెళ్ళింది. లాగే ఉంది. భాయి తాళం తిప్పాడు. ఒక్క తిప్పుకు బండి అందుకుంది.

ఆ యువకుడు బ్రతికాడు. భాయి మధ్యాహ్నానికి తిరిగి వచ్చి ఆ మాట చెప్పి, జీపు నీడలో పడుకుని నిద్రపోయాడు. 1982 సంగతి ఇద్దరం ఎత్తలేదు. ఎత్తవలసిన అవసరం లేకపోయింది.

తర్వాతి కాలం

భాయి రిటైరయ్యాడు. ఆ జీపును కండెమ్ చేసి వేలం వేశారు. పెట్టె జీపులోనే ఉండిపోయింది. రిజిస్టరులో లేని వస్తువు పోయిందని ఎవరికి ఫిర్యాదు చేస్తాం? భాయి ఇప్పుడు లేడు. నా పాకెట్ డైరీ మాత్రం మిగిలింది.

2004 ఎన్నికల్లో దేశమంతటా ఓటింగు యంత్రాలు వచ్చాయి. హైదరాబాదులోని ఇ.సి.ఐ.ఎల్., బెంగళూరులోని బి.ఇ.ఎల్. తయారుచేసినవి. శిక్షణ తరగతిలో నేను మొదట చూసింది మీట కాదు, కంట్రోల్ యూనిట్‌లో ఉన్న బ్యాటరీ గది. యంత్రం కరెంటు మీద ఆధారపడదు, బ్యాటరీతో నడుస్తుంది. కరెంటు లేని గూడెంలో కూడా పోలింగు జరగాలని ఆలోచించి చేసిన ఏర్పాటు అది. పక్కన ఉన్న కుర్ర ఉద్యోగి "ఏమిటి సార్, నవ్వుతున్నారు?" అన్నాడు. భాయి గుర్తుకు వచ్చాడని చెప్పలేకపోయాను.

బ్యాటరీల తయారీలో మన తెలుగువారి పాలు తక్కువేమీ కాదు. తిరుపతి దగ్గర కరకంబాడిలో గల్లా రామచంద్రనాయుడు గారు 1985లో అమర రాజా సంస్థను స్థాపించారు. ఆ సంస్థే మహబూబ్‌నగర్ జిల్లా దివిటిపల్లిలో లిథియం బ్యాటరీల కర్మాగారానికి 2023 మే నెలలో శంకుస్థాపన చేసింది.

ఇక మనవడి పెట్టెలో ఉన్నది లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకం. 1990లలో అమెరికాలో జాన్ గుడెనఫ్ అనే శాస్త్రవేత్త బృందం దాన్ని కనిపెట్టింది. లిథియం బ్యాటరీల మీద చేసిన కృషికి 2019లో ఆయనకు మరి ఇద్దరితో కలిపి నోబెల్ బహుమతి ఇచ్చారు. అప్పుడు ఆయన వయసు 97 సంవత్సరాలు. పెన్షనరు మిత్రులు ఈ అంకెను గుర్తుంచుకోవాలని మనవి.

మనవడు పెట్టె విప్పి చూపించాడు. ఒక్కొక్కటి 3.2 వోల్టులున్న నాలుగు సెల్లులు, మొత్తం 12.8 వోల్టులు, 100 ఆంపియర్ అవర్లు. మా పెట్టె పది గంటల ట్యూబు దీపానికి చాలితే, ఇది అదే దీపాన్ని దాదాపు రెండు రాత్రులు, రెండు పగళ్ళు ఆపకుండా వెలిగిస్తుంది. బరువు మా దాంట్లో సగం కూడా లేదు, ఒంటి చేత్తో ఎత్తాడు. ఆసిడ్ లేదు, నీళ్ళు పోయనక్కరలేదు. మరీ ఖాళీ కాకుండా, మరీ నిండకుండా కాపలా కాసే చిన్న ఎలక్ట్రానిక్ పలక లోపల ఉంది. పగలు మడత సోలార్ పలక పరిస్తే ఎండకే నిండుతుంది. కారుకు, పెట్టెకు మధ్య డి.సి. చార్జరు ఒకటి పెట్టాడు. ఇంజను నడుస్తున్నప్పుడే కారు నుండి కరెంటు తీసుకుంటుంది, ఆగగానే దానంతట అదే విడిపోతుంది.

"అంటే పిడి లాగనక్కరలేదన్నమాట" అన్నాను. వాడికి అర్థం కాలేదు. అప్పుడు కూర్చోబెట్టి ఇదంతా చెప్పాను.

మిత్రులకు మనవి

ఇప్పుడు మన పిల్లలు కార్లలో యాత్రలకు తీసుకువెళుతున్నారు. మనలో చాలామందికి ఇన్సులిన్ ఉంటుంది. వాడకం మొదలుపెట్టని సీసాలు 2 నుండి 8 డిగ్రీల మధ్య ఉండాలి. నిద్రలో ఊపిరి యంత్రం పెట్టుకునేవారూ ఉన్నారు. ఇటువంటి పెట్టె మనకు విలాసం కాదు. అయితే నాలుగు విషయాలు చూసుకోండి. కారు స్టార్టు చేసే బ్యాటరీ మీద రాత్రి పూట ఏదీ నడపవద్దు. ఫ్యూజు బ్యాటరీకి దగ్గరలోనే ఉండాలి. సీసం బ్యాటరీ అయితే మూసిన కారులో మీ పక్కన పెట్టుకుని చార్జి చేయవద్దు. లిథియం పెట్టెను ఎండలో నిలిపిన కారులో వదిలివేయవద్దు.

ఇది యాత్రలకే పరిమితమైన విషయం కూడా కాదు. 2014లో కుక్కునూరు, వేలేరుపాడు మండలాలు పోలవరం ముంపు కింద ఆంధ్రప్రదేశ్‌లో కలిసిపోయాయి. వరదలు మాత్రం రాష్ట్రం మార్చుకోలేదు. 2024 జూలైలో మన అశ్వారావుపేట మండలం గుమ్మడవల్లి దగ్గర పెదవాగు ప్రాజెక్టు కట్ట తెగినప్పుడు ఆ నీళ్ళు వెళ్ళి పడింది ఆ ఊళ్ళ మీదనే. ఇప్పుడు గూడేలకు కరెంటు తీగలు వచ్చాయి. కాని గాలివాన రాగానే ముందు పోయేది ఆ కరెంటే. 2022 వరదల్లో శిబిరాలకు వెళ్ళినవారు చెప్పారు, జనం బియ్యం తర్వాత అడిగింది ఫోను చార్జింగేనని. తమ వాళ్ళు ఎక్కడున్నారో తెలుసుకోవాలి గదా. ఆనాడు ఆ తల్లి నా రిజిస్టరులో వేలు పెట్టి వెతుక్కున్నదీ అదే.

మనవడు మారేడుమిల్లి వెళ్ళే ముందు పెట్టె మూత లోపల ఏదో అంటించాడు. చూస్తే నా పాకెట్ డైరీలో పేజీ ఫోటో. హైడ్రోమీటరు అంకెలు, తేదీలు, ప్రతి తేదీ పక్కన నేను పెట్టుకున్న చిన్న టిక్కు.

"ఈ టిక్కులు ఏమిటి తాతయ్యా?" అని అడిగాడు.

"పిడి లాగాను అని" చెప్పాను.

మీ దగ్గర కూడా ఇటువంటి డైరీలు, రిజిస్టరుకెక్కని వస్తువుల సంగతులు ఉండే ఉంటాయి. వ్రాసి సంఘానికి పంపండి. సెలవు.